తాళాల సంచి

"సిరి ఖాళీ చెయ్యమంటున్నాడండీ" అన్నాడు పట్టాభి, చొక్కా జేబు మీద చెయ్యి వేసుకుని.

గుమ్మంలో నిలబడ్డ ముసలాయన మళ్ళీ అదే మాట అన్నాడు.

"శిరి ఖాలి కొరున్, దాదా."

పట్టాభి కాకినాడ నుంచి కోల్‌కతా వచ్చి రెండు నెలలైంది. ఏక్‌బాల్‌పూర్‌లో ఒక నాలుగంతస్తుల వ్యాపార భవనానికి మేనేజరు. బెంగాలీలో ఇంకా మొదటి మెట్టు ఎక్కలేదు.

మూడో అంతస్తులో కుట్టు కేంద్రం నడిపే సత్యవేణి పకపకా నవ్వింది. ఆవిడ తాత శ్రీకాకుళం నుంచి రేవు పనికి వచ్చిన మనిషి. ఆవిడకి తెలుగు కుడిచెయ్యి, బెంగాలీ ఎడంచెయ్యి.

"నీ సిరి ఎవులిక్కావాల బాబూ. శిరి అంటే మెట్లు. మెట్ల మీద మూటలు తీయించమంతన్నాడు."

మూటలు సత్యవేణివే. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

"నాలుగు గుడ్డమూటలు. నీకేటి అడ్డం దాదూ?" అంది ముసలాయనతో, తాతని పిలిచినట్టు.

ముసలాయన మొదటి మూట దగ్గర వంగాడు. ఒక్కో మూటా గోడవారకి జరుపుకుంటూ డాబా దాకా ఎక్కాడు. అక్కడి తలుపుకి తాళం. దాన్ని కాసేపు చేత్తో పట్టుకుని, దిగి వెళ్ళిపోయాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. సరిగ్గా పదకొండింటికి, భుజాన గోనె సంచితో.

"డాబా తలుపు తీసి ఉంచమంతన్నాడు" అని సత్యవేణి తెలుగు చేసేది.

"తీస్తే టాంకు కుళాయిలు పోతున్నాయండీ. రెండుసార్లు పోయాయి. మూడోసారి పోయేది నా ఉద్యోగమే" అనేవాడు పట్టాభి.

పట్టాభి చెడ్డవాడు కాదు. నిబంధనల కాగితం అతనికి కంఠతా వచ్చు. డాబా తలుపు పనివేళల్లో తెరిచి ఉండాలని అందులో ఉంది కూడా. అందుకే ఫైర్ ఆఫీసు వాళ్ళ తనిఖీ నాడు తలుపు బార్లా తీసేవాడు. తనిఖీ కాగానే తన 'కీ' తన జేబులో వేసుకునేవాడు. మంటలార్పే ఎర్ర సిలిండర్లకి ఆ ఒక్కరోజే స్నానం. మిగతా ఏడాదంతా అవి అగ్నిమాపకాలు కావు, అగ్ని జ్ఞాపకాలు.

ఒక గురువారం డాబా తలుపుకి తాళం లేదు. ముసలాయన మెట్లు దిగుతూ దొరికాడు.

పట్టాభి సంచి లాక్కుని బోర్లించాడు. అన్నీ తాళాలే. పైన పట్టాభిది, దాని కింద ఇంకో ఏడు. ఒకటైతే బొగ్గులా నల్లగా ఉంది.

"కరిగించి అమ్ముకుంటున్నాడు. కుళాయిలు పట్టుకెళ్ళిందీ ఇతనే" అన్నాడు పట్టాభి.

"ఏల తీసినావు దాదూ?" అంది సత్యవేణి.

"కుళాయి పోతే పోయేది నీళ్ళే కదా తల్లీ" అన్నాడు ముసలాయన బెంగాలీలో.

ఆ మాట ఆవిడ తెలుగు చేసేలోగా పట్టాభి ఠాణాకి ఫోను చేసేశాడు.

ముసలాయన పెనుగులాడలేదు. పోలీసుల వెంట వెళ్తూ ఒక్కసారి డాబా వంక చూశాడు, అంతే.

పట్టాభి అరచేయంత కొత్త తాళం తెచ్చి తలుపుకి వేశాడు.

"ఇది ఎవడూ తాళలేని తాళం" అన్నాడు.

అదే రోజు మధ్యాహ్నం మూడింటికి కింద మీటరు పెట్టెలో చిటపటలు మొదలయ్యాయి. చూస్తూండగానే పొగ మెట్లన్నీ ఎక్కేసింది. కుట్టు కేంద్రంలోని ఆడవాళ్ళు, సత్యవేణితో కలిపి పదిహేను మంది, మూటల మీద పడుతూ లేస్తూ డాబా వైపు పరిగెత్తారు.

తలుపుకి తాళం. తాళంచెవి పొగకి అవతల ఉంది. వీధిలో నిలబడ్డ పట్టాభి జేబులో ఉంది. పట్టాభి ఆ జేబు పట్టుకుని ఏడుస్తున్నాడు.

వాళ్ళల్లో అందరికంటే ముందున్న నీరజ భుజంతో తలుపుని గుద్దింది.

తెరుచుకుంది.

తాళం వేసింది వేసినట్టే ఉంది. గొళ్ళెమే చట్రం నుంచి ఊడి దానికి వేలాడుతోంది. స్క్రూలు ఎప్పుడో తీసేసి ఉన్నాయి. పైకి కనబడడానికి వాటి తలలు మాత్రం సబ్బుతో అతికించి ఉన్నాయి.

అందరూ పక్క డాబా మీదికి దాటుకుని ప్రాణాలతో కిందికి దిగారు.

తెల్లారగానే పట్టాభి ఠాణాకి పరిగెత్తాడు, ఫిర్యాదు వెనక్కి తీసుకుని ముసలాయన్ని వెంటబెట్టుకు వద్దామని. సంచి పట్టుకుని ఒక్కడే తిరిగొచ్చాడు. మసిబారిన మెట్ల ముందు అందరూ కాచుకుని ఉన్నారు.

"ఏడీ దాదు?" అంది సత్యవేణి.

"నిన్న సాయంత్రమే వదిలేశారట. ఎక్కడుంటాడో ఎవరికీ తెలీదు. ఇక్కడి సంగతి వినగానే, ఎంతమంది బయటపడ్డారని అడిగాడట. పదిహేను మందీ అన్నారట. వేళ్ళ మీద లెక్కపెట్టుకుని, ఇంక ఇది మొయ్యలేనని సంచి అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడట."

"అయితే దొంగ కాడా?" అంది నీరజ.

"ఒక్క తాళమూ అమ్మలేదట. పనివేళప్పుడు తాళం వేసిన డాబా కనిపిస్తే చాలు, తీసేస్తాడట. దొరికినచోటల్లా తన్నులు తింటాడట. ఠాణాలో అందరికీ తెలుసు. నాకే తెలీలేదు."

సత్యవేణి సంచిలో చెయ్యి పెట్టి తాళాలు ఒక్కొక్కటే మెట్టు మీద పెట్టింది. అన్నిటికంటే అడుగున ఆ నల్లటిది తగిలింది. సగం కరిగి ముద్దయింది.

"ఇదేటి బాబూ, ఇలగ కాలిపోనాది? ఏ డాబాది?"

పట్టాభి దాన్ని రెండు చేతులా అందుకున్నాడు.

"పదేళ్ళ కిందట నదికి అవతల ఒక కుట్టు కార్ఖానా కాలిందటండీ. పదకొండు మంది డాబా తలుపు దాకా వచ్చి అక్కడే ఆగిపోయారట. తలుపు మూసేసి అన్నానికి వెళ్ళిన కాపలా దర్వాను ఈయనే. మిగతావన్నీ ఆయన తీసిన తాళాలు. ఇదొక్కటే ఆయన వేసింది."