కొంగ అంపైరు

గోదురుకప్ప గున్నయ్య జన్మలో కబడ్డీ ఆడలేదు. "అందుకే నా తీర్పులో పక్షపాతం ఉండదు" అని ప్రేక్షకుల్లో కూర్చుని లేని మీసం మెలేసేవాడు.

మడుగు ఒడ్డున కప్పల ఆటకు కొంగ అంపైరు. అవుటైనవాణ్ణి మింగేయడం అక్కడి ఆనవాయితీ.

ఆ రోజు గున్నయ్య మేనల్లుడు కూతకెళ్లాడు. వాణ్ణి చూపించి కొంగ "అవుట్" అంది.

"వాడు గీతే తొక్కలేదు! కళ్లు కనబడవా?" అని గున్నయ్య గొంతు చించుకున్నాడు.

"తొక్కాడు బాబాయ్! అసలు కొత్తవాణ్ణి ముందు పంపిన ఆ కోచ్‌ననాలి," అంది పక్కనున్న కప్ప.

వీళ్లిద్దరూ వాదించుకుంటుండగానే కొంగ వాణ్ణి గుటుక్కుమనిపించింది.

గున్నయ్య ఇంటికెళ్లి అక్కను ఓదార్చాడు. "వాడు అవుట్ కాదక్కా, ముమ్మాటికీ కాదు!"

"మరి వాడేడిరా?" అంది అక్క.

గున్నయ్య కోచ్‌ని మార్చమని అరవడానికి మళ్లీ ఒడ్డుకెళ్లాడు. కొంగను అంపైరుగా ఎందుకు పెట్టుకున్నామని అడగాలని మాత్రం అతనికి ఇప్పటికీ తట్టలేదు.