గట్టవతలి ఆపిల్ చెట్లు

ఏసన్న ఆదివారం చర్చికి పోయేదాకా ఆగి, మద్దయ్య గొడ్డలి తీసుకుని గట్టు దాటాడు.

గట్టు వెంబడే ఏసన్న నాటిన ఆపిల్ చెట్లు. నిండా పూత మీదున్నాయి.

మొదలంటా నరికేశాడు. ఒక్కటీ మిగల్చలేదు.

ఆ చేను ఒకప్పుడు మద్దయ్య వాళ్ల అన్నకు చెందినది. తమ్ముడికి మాటమాత్రం చెప్పకుండా, తుగ్గలి నుంచి వచ్చిన ఈ ఏసన్నకు అమ్మేశాడు. అది చాలదన్నట్టు మద్దయ్య ఆపిల్ నాటిన వారానికే వీడూ ఆపిలే నాటాడు.

రెండు చేలలోనూ కాపు మొదలైంది. ఎమ్మిగనూరు ఎండల్లో ఎర్రటి ఆపిళ్లా అని ఆదోని నుంచి కూడా జనం వచ్చి ఫోటోలు దిగారు. పోతూ పోతూ ఏసన్న చెట్ల పసుపు రంగు కాయల దగ్గరా ఆగారు.

మద్దయ్య కడుపు అక్కడే మండింది.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి నరికిన చెట్లు చూసిన ఏసన్న తిట్టలేదు.

"పూతన్నా అయిపోనిచ్చి కొట్టింటే బాగుండు కదన్నా."

"కాయలు తినిపోదామనుకుంటివా?"

"నాకు కాదన్నా, అది..."

"నోరెత్తితే ఈతూరి గొడ్డలి చెట్టు మీద పడదు!"

భార్య రూత్ ఏసన్నను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

మద్దయ్య పగ అంతటితో తీరలేదు. బండిదారికి ముళ్లకంప కొట్టాడు. బోరు పైపు పగలగొట్టాడు. చివరికి ఏసన్న చేను అమ్ముకుని తుగ్గలి తట్టు వెళ్లిపోయాడు.

కొన్నది మద్దయ్యే.

"ఎట్ల తరిమినా సూస్తిరా!" అని టీ అంగడి దగ్గర మీసం దువ్వాడు.

చెట్లు నరికిన ఆ యేడే మద్దయ్య తోటలో కాపు పలచబడింది. గాలివాన అనుకున్నాడు. మరుసటి యేడు కొమ్మకొమ్మా పూసింది. ఒక్క పిందె నిలవలేదు.

పిందె లేని కొమ్మ విరుచుకుని, మొక్కలు కొన్న ఆదోని నర్సరీకి పోయాడు.

"నకిలీ మొక్కలిస్తావా హనుమన్నా? నీ అంగడి మూయిస్తా సూడు!"

"మొదట్లో కాసినాయి కదప్పా?"

"కాసినాయి. ఇప్పుడేమొచ్చింది?"

"సలి లేకున్నా కాసే రకమే అది. అయితే పక్కన ఇంకో రకం ఆపిల్ పూయాల. దాని పుప్పొడి తేనెటీగలు మోసకొస్తేనే పిందె. జతకు పసుపు రకం తీస్కపో అంటే, అమ్ముడుపోనివి అంటగడతాండావా అని ఎగిరిపడ్తివి. మర్సిపోయినావా?"

మద్దయ్య చేతిలో కొమ్మ కిందికి వాలింది.

"మళ్ళ... మొదట్లో ఎట్ల కాసినాయి?"

"మీ గట్టు పక్కాయన ఉండాడు కదప్పా? మిరపనారుకని వచ్చి, ఆ పొద్దు నీ ఎనకాలే నిలబడిండె. నువ్వట్ల పోతానే నారు ఈడే దించేసి, ఆ దుడ్లకు పసుపు మొక్కలు ఎత్తుకున్యాడు. 'మా మద్దన్న నేను సెప్తే ఇనడు, గట్టుకు నా పక్కన నాటుతాలే' అనె."