కిటికీ పక్క బెంచీ

బడిలో సమావేశానికొచ్చిన తల్లిదండ్రులు తమ పిల్లల చోట్లలోనే కూర్చోవాలన్నారు ప్రిన్సిపాల్. చేపలమ్మే దాలమ్మ కిటికీ పక్క బెంచీకి వెళ్లింది. "నా సోటు కిటికీ కాడమ్మా, గాలి బాగా వస్తాది" అని కూతురు హేమ పొద్దున్నే చెప్పింది.

ఆ బెంచీ మీద ఇంకెవరూ కూర్చోలేదు.

ముందు వరసలోంచి ఒక రైతు లేచాడు. "మంచి టీచర్లంతా ఎల్లిపోనారు. సేపలోల పిల్లల్ని సేర్సుకున్నాకే బడి పాడైపోనాది. నడపడం మీకు సేతకాదు!"

"వాసన రాకుండా వాళ్లని కిటికీ దగ్గర విడిగానే కూర్చోబెడుతున్నాం కదండీ," అన్నారు ప్రిన్సిపాల్.

టీ ఇచ్చారు. దాలమ్మ తాగింది. ఇంటికొచ్చింది.

గుమ్మంలోనే హేమ అడిగింది. "గాలి బాగా వచ్చినాదా అమ్మా?"

"బాగా వచ్చినాదే," అంది దాలమ్మ.