ఆకుపచ్చ రీలు

“ఆ కళ్లు మనవైపువి కావు. మీ అత్తారింటివాళ్లవి,” అంటూ టైలరు కత్తెరను బల్ల మీద దబ్బున పడేశాడు.

రైలు నడిపే ఉద్యోగం మనవడి నోటిదాకా వచ్చి పోయింది. వాడికి ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియడం లేదని కంటి డాక్టరు రాసిచ్చాడు.

“ఈ జబ్బు తండ్రి నుంచి కొడుక్కి రాదట నాన్నా,” అంది కూతురు. “తల్లి నుంచే వస్తుందట. తల్లికి మాత్రం రంగులన్నీ బాగానే కనిపిస్తాయట. ఆవిడకి వాళ్ల నాన్న నుంచి వచ్చి ఉండొచ్చన్నారు డాక్టరు.”

“అంటే నా నుంచా? నలభయ్యేళ్లుగా రంగుల మధ్యే బతుకుతున్నాను. ఈ మాట నీకు నూరిపోసింది మీ మామగారేనా? ఫోన్ కలుపు, కడిగేస్తాను.”

ఆమె ఫోన్ కలపలేదు. దారాల డబ్బా ముందుకు లాగి, రెండు రీళ్ల మీది చీటీలను గోటితో గీకి పీకేసింది. వాటి మీద రంగుల పేర్లు చనిపోయిన తల్లి చేతిరాతలో ఉన్నాయి.

“ఆకుపచ్చది ఇవ్వు నాన్నా.”

“నాకే పరీక్షలు పెట్టేంతదానివయ్యావా?” అంటూ ఆయన ఒక రీలు తీసి ఆమె చేతిలో కొట్టినట్టు పెట్టాడు.

“ఇది ఎరుపు.”

ఆయన ఆ రీలు లాక్కుని గుమ్మం దగ్గరికి వెళ్లాడు. పగటి వెలుగులో అటూ ఇటూ తిప్పి చూశాడు. కాసేపటికి గొంతు తగ్గింది.

“లైటు వెలుతురులో రంగులు కలిసిపోతున్నాయనే కదా మీ అమ్మ ఈ చీటీలు అంటించింది.”

“అమ్మకి ఏనాడూ కలిసిపోలేదు నాన్నా.”