సున్నా దూరం

సాఫ్ట్‌వేర్ మళ్లీ మొండికేసింది. జవాబు రావలసిన చోట ‘ఇది సంఖ్య కాదు’ అని ఎర్రర్ చూపించి చేతులు దులుపుకుంది.

బుగ్గలమ్మాయి తల పట్టుకుంది. కొండల్లోని వేడినీటి బుగ్గల మీద పరిశోధన చేస్తోందని ల్యాబ్‌లో అందరూ ఆమెకి పెట్టిన పేరది. ఇరవై బుగ్గల నీళ్లలో బతికే సూక్ష్మజీవుల జన్యుక్రమాలు ఇస్తే, వాటన్నిటినీ కన్న తొలి తల్లి జన్యుక్రమం ఎలా ఉండేదో ఆ సాఫ్ట్‌వేర్ లెక్కగట్టి చెప్పాలి. అది చెబితేనే థీసిస్. నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. అవతల అత్తగారు కోడలి పేరుకి ముందు డాక్టర్ అని చేర్చి గుమ్మానికి బోర్డు కూడా కొట్టించేసింది.

మరీ చిన్న సంఖ్యల్ని గుణించుకుంటూ పోతే కంప్యూటర్ వాటిని సున్నా చేసేస్తుందని ఎవరో అంటే, లెక్కంతా లాగరిథమ్‌లలోకి మార్చి చూసింది. వేరే కంప్యూటర్‌లో నడిపి చూసింది. బతిమాలి కూడా చూసింది. అది ససేమిరా అంది.

గైడు గారికి ఈ లెక్కలతో పనిలేదు. ఆయనకి కావలసింది వంశవృక్షం బొమ్మ, అదీ రంగుల్లో. స్క్రీన్ మీదికి తొంగి చూసి మొహం చిట్లించారు.

“ఇదేం చెట్టమ్మాయ్? కొమ్మా లేదు, రెమ్మా లేదు. మోడులా ఉంది.”

“సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో ఉంది సార్,” అంది మెల్లిగా.

“అయితే రాసినాయన్నే అడుగుదాం ఉండు,” అని అప్పటికప్పుడు ఫోన్ కలిపి స్పీకర్ పెట్టారు.

సాఫ్ట్‌వేర్ రాసినాయన నెమ్మదస్తుడు. అంతా విని, “అమ్మా, రెండు జన్యుక్రమాలు అచ్చు ఒకేలా ఉంటే వాటి మధ్య దూరం సున్నా. సున్నాతో భాగించమంటే ఏ లెక్కా తెగదు. మీ ఇరవైలో ఏవైనా ఒకటేనేమో చూశారా?” అన్నాడు.

ఆమె స్పీకర్ ఆపబోయింది. గైడు గారు మాత్రం అగ్గిమీద గుగ్గిలమయ్యారు.

“ఒకటెలా అవుతాయండీ? ఇరవై కొండలవి. మా అమ్మాయి కాళ్లరిగేలా తిరిగి తెచ్చిన నీళ్లు. మీ తప్పు మీరు దిద్దుకోకుండా మా నీళ్లకి వంక పెడతారేంటి? పత్రికలకి రాయమంటారా?”

ఆమెకి కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లలో గైడు గారు తనని వెనకేసుకురావడం అదే మొదటిసారి.

పాపం, సాఫ్ట్‌వేర్ రాసినాయనకి పత్రికలంటే భయం. రెండ్రోజుల్లో కొత్త వెర్షన్ పంపాడు. ఎక్కడ సున్నా తగిలినా దానికి చిటికెడు కలిపి ముందుకి పొమ్మని అందులో రాశాడు. ఇంత పెద్ద లోపాన్ని పట్టుకున్నందుకు బుగ్గలమ్మాయికి కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాడు.

ఈసారి సాఫ్ట్‌వేర్ కిక్కురుమనకుండా నడిచింది. తొలి తల్లి బయటపడింది. చూస్తే ఇరవై మంది పిల్లలకీ ఆ తల్లికీ ఒక్క అక్షరం తేడా లేదు.

గైడు గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు.

“కోట్ల ఏళ్లుగా అక్షరం మారలేదంటే, ఈ జీవి జోలికి పరిణామమే రాలేదన్నమాట. దీన్ని కనిపెట్టింది ప్రపంచంలో మనమే అమ్మాయ్. పేపర్‌లో నా పేరు ముందుంచు.”

థీసిస్ గడువులోగానే వెళ్లింది. వైవాలో పరీక్షకులు చప్పట్లు కొట్టారు. “అంతంత కొండలు ఎలా ఎక్కావమ్మా?” అని ఒకాయన మెచ్చుకోలుగా అడిగితే, ఆమె తల దించుకుంది. ఆ వినయానికి ఆయన మరింత ముచ్చటపడ్డాడు.

సాయంత్రం డాక్టరై ఇంటికొచ్చిన కోడలికి అత్తగారు గుమ్మంలోనే ఎదురొచ్చి, చేతిలో సంచి అందుకుంది.

“గీజరు వేసి ఉంచాను, స్నానం చేసి రా తల్లీ. కాకపోతే ఆమధ్య కొండల పేర్లు అంటించిన సీసాలన్నిటిలోకీ పట్టేసినట్టు పట్టెయ్యకుండా, ఈసారి నాక్కూడా రెండు చెంబుల వేడినీళ్లు మిగుల్చు.”