అందరి బ్యాగులూ

“ఆంటీ నే క్రీమ్ చోరీ కియా. బ్యాగ్ ఖోలో,” అంటూ ద్వారక సూపర్‌మార్కెట్ గార్డు సత్యవతికి అడ్డం నిలబడ్డాడు.

హిందీ రాని సత్యవతి కోడలి వైపు తిరిగింది. “ఏమంటున్నాడమ్మా?”

క్రీమ్ దొంగిలించిందన్న మాటను శరణ్య మింగేసింది. “ఏం లేదత్తయ్యా. వెళ్లేముందు అందరి బ్యాగులూ చూస్తారట.”

“చూసుకోమను. దానికేముంది?”

గార్డు బ్యాగును బల్ల మీద గుమ్మరించాడు. కళ్లజోడు పెట్టె, బీపీ మాత్రలు, చేతిరుమాలు. క్రీమ్ లేదు.

“సారీ. జాయియే,” అంటూ దారి వదిలాడు.

సత్యవతి కదల్లేదు. “మరి నీ బ్యాగు చూడడేం?”

శరణ్య గబగబా తన బ్యాగు తెరిచి అతని ముందు పెట్టింది. “భయ్యా, మేరా భీ చెక్ కరో. ప్లీజ్.”

అతను నవ్వుతూ చెయ్యి అడ్డంగా ఊపాడు. “నహీ నహీ మేడమ్, ఆప్‌కా నహీ.”

మాత్రలు ఏరుకుంటున్న సత్యవతి చేతులు ఆగిపోయాయి.

“ఇప్పుడు చెప్పు. వాడు నన్నేమన్నాడు?”