ముప్ఫై ఏడు రాత్రులు

“ఎన్ని రాత్రులుంటారు?” అని అడిగింది బల్ల దగ్గర కూర్చున్న ఆవిడ, నోట్‌బుక్కులోంచి తలెత్తకుండానే.

ప్లాటినానికి ఒళ్ళు మండింది. మిట్టమధ్యాహ్నం ఎండలో చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ వచ్చాడు. రెండుసార్లు బెల్ కొడితే గానీ పలికిన దిక్కు లేదు. మంచినీళ్ళిచ్చిన పాపాన పోలేదు. పైగా ఈ ప్రశ్నొకటి.

ప్లాటినం అనేది అతనికి ఆఫీసువాళ్ళు పెట్టిన పేరు. ఆసుపత్రుల్లో స్కానింగ్ యంత్రాలు బాగుచేసే కంపెనీలో ఇంజనీరు. ఊరూరా తిరగడమే పని. ఎక్కడికెళ్ళినా దిగేది ఒకే కంపెనీ హోటళ్ళలో. ఏడాదికి ఇన్ని రాత్రులు పడుకుంటే వెండి కార్డు, అన్ని పడుకుంటే బంగారు కార్డు, ఇంకా పడుకుంటే ప్లాటినం. పడుకున్నందుకు పతకాలిచ్చే పోటీ లోకంలో ఇదొక్కటే. అందులో మనవాడు ఏడేళ్ళుగా విజేత.

బిల్లు ఆఫీసు కడుతుంది. పాయింట్లు ఇతనికి పడతాయి. సొమ్మొకడిది, సోకొకడిది. ఆ కార్డు చూపిస్తే చాలు, కౌంటర్లో వాళ్ళు లేచి నిలబడి పేరు పెట్టి పలకరిస్తారు. ఉన్నవాటిలో పెద్ద గది ఇస్తారు. మెత్తటి దిండు కావాలో గట్టి దిండు కావాలో కనుక్కుంటారు. జీతానికి నవ్వే నవ్వుని ఈ మహానుభావుడు గౌరవమనుకున్నాడు.

ఇతని తోడల్లుడికి చిన్న బట్టలకొట్టుంది. పాపం, మూడేళ్ళు కూడబెట్టి పెళ్ళాంపిల్లలతో ఒక్క వారం అదే హోటల్లో దిగాడు. లిఫ్టు పక్కన ఇరుకు గది పడేశారు. ఆ చప్పుడికి పిల్లలకి కంటిమీద కునుకు లేదు. ఆ బాధ చెప్పుకుంటే ప్లాటినం పగలబడి నవ్వాడు.

“జన్మకోసారి వెళ్ళేవాడివి, నీ మొహం వాళ్ళకెందుకు గుర్తుంటుంది? డబ్బెవరిదన్నది కాదు తమ్ముడూ, ఎన్ని రాత్రులు పడుకున్నామన్నదే లెక్క.”

అంతటివాణ్ణి పట్టుకుని ఈవిడ ఎన్ని రాత్రులని అడుగుతోంది.

పది అన్నాడు దర్జాగా. కాళ్ళావేళ్ళా పడితే దొరికిన సెలవు అది. ఆ పది రోజులూ తోటవైపు గదిలో, పెద్ద మంచం మీద వెల్లకిలా పడుకోవాలని నెలరోజులుగా ఎదురుచూస్తున్నాడు. కార్లలో, రైళ్ళలో తిరిగి తిరిగి నడుము పోయింది. ఆ గది అతనికి అలవాటైనదే. అదే కావాలన్నాడు.

“అది ఇంకొకరికి ఇచ్చాం. ఐదేళ్ళుగా ఒక్క రాత్రి కూడా తప్పని సభ్యురాలు. ఆవిడ లేవమన్నా లేవదు” అంది.

ప్లాటినం కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఇది ఇక్కడ చెల్లదని వెనక్కి తోసింది. తర్వాత నోట్‌బుక్కులో పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివింది.

“ఈ ఏడాది మీవి ముప్ఫై ఏడు రాత్రులు. వరండాలో పడుకునే కుక్క మీకంటే నాలుగు మెట్లు పైనుంది.”

ఇక్కడ తను పోసిన డబ్బేమీ తక్కువ కాదని అతను గుర్తుచేశాడు. డబ్బెవరిదన్నది కాదు, ఎన్ని రాత్రులు పడుకున్నారన్నదే లెక్కని ఆవిడ చెప్పింది. ఆ రూలు తను పుట్టించింది కాదని, పెద్దపెద్ద హోటళ్ళలో ఉన్నదేనని కూడా చెప్పింది. ఆ మాట ప్లాటినానికి ఎక్కడో విన్నట్టే అనిపించింది.

పది రోజుల మాట ఆవిడ నమ్మలేదు. పోయినసారి వారం ఉంటానని దిగి, రెండోరోజు పొద్దున్నే పెట్టె సర్దిన సంగతి తేదీతో సహా చదివి వినిపించింది. అబద్ధమేం కాదు. ఇంకో ఊళ్ళో ఆదివారం దాకా రెట్టింపు పాయింట్లని మెసేజ్ వస్తే పరుగెత్తాడు. ఆ పూట అతనికని చేసిన టిఫిను కుక్కకి పెట్టినట్టు కూడా రాసి ఉంది.

“హాల్లో సోఫా ఉంది. మీ మెట్టుకి అదే వస్తుంది. దుప్పటి ఇస్తాం. దిండు మిగిలితే చూద్దాం” అంది.

మామూలుగా అయితే ఈపాటికి మేనేజర్ని పిలవమని గంతులేసేవాడు. ఇక్కడ ఎవర్ని పిలవాలో తోచలేదు. కోపం రావలసిన చోట ఏడుపొచ్చింది. ఏడ్చే వయసు కాదు గనక బల్ల మీది కార్డు తీసి పర్సులో పెట్టుకున్నాడు.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. మెసేజ్. శని, ఆదివారాలు మూడింతల పాయింట్లు, మీకోసం పెద్ద గది సిద్ధంగా ఉంచాం, రండి అని.

అతను చదువుతున్నంతసేపూ ఆవిడ పెన్ను గాల్లోనే పట్టుకుని అతని మొహం వంకే చూసింది.

“వెళ్తారా? వెళ్ళేట్టయితే చెప్పండి, ముప్ఫై ఏడు దగ్గరే గీత గీసేస్తాను. ఇంక మీ పేరు రాయను.”

ఈసారి ఆవిడ గొంతులో వెటకారం లేదు. పెన్ను ముప్ఫై ఏడు పక్కన ఆనించింది.

ప్లాటినం భయపడ్డాడు. ఫోను ఆపేసి జేబులో పెట్టాడు. పెట్టె గోడకి ఆనించాడు. బల్ల దగ్గరికి జరిగి, ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూసి, గొంతు తగ్గించాడు.

“తప్పయింది లేవే, పాపని కాస్త పక్కకి జరుపు, కట్టుకున్న మొగుణ్ణి సొంతింట్లో సోఫా మీద పడుకోమంటావా?”